పల్లపు మడిల కొత్త చెరుకు

బస్సు బోధన్ దాటి ఆచన్‌పల్లి దిక్కు మల్లంగనే ఆత్మారాం కిటికీకి తల ఆనిచ్చి కండ్లు మూసుకున్నడు. మూసుకున్నా ఎండ పోలేదు. రెప్పల మీద పడి లోపలంత ఎర్రగ అయింది. ఆ ఎరుపుల సన్నసన్నటి చుక్కలు ఈదుకుంట పోతున్నయి, ఒకదాని ఎనుక ఒకటి, ఏ తొందర లేకుంట. గియ్యే కావచ్చు అనుకున్నడు, డాక్టరమ్మ చెప్పిన తెల్లకణాలు. ఉండాల్సిన దానికన్న ఎన్నో రెట్లు ఎక్కువున్నయన్నది, రక్తంల జాగ లేకుంట నిండినయన్నది. అంత నిండితే బరువు కావాలె గని ఇదేంది, ఒంట్ల బరువే లేదు. బస్సు గుంతల పడ్డప్పుడల్ల తను సీటు మీద లేడు, సీటుకు బెత్తెడు పైన తేలుతున్నడు అనిపిస్తున్నది. చెరుకు ఫ్యాక్టరీల ఫీల్డుమెన్‌గ ముప్పయేండ్లు ఈ తొవ్వ మీదనే సైకిల్ తొక్కిండు, తర్వాత లూనా నడిపిండు, ఏ ఊరి దగ్గర ఏ గుంత ఉన్నదో ఒంటికి తెలుసు. ఆ ఒళ్లు ఇప్పుడు గుంతను గుర్తువట్టి, నాది గాదన్నట్టు ఊకుంటున్నది. పక్కన భార్య రేణుకమ్మ, ఒళ్లె సద్ది గిన్నె, కాళ్ల నడుమ సంచి. సంచిల ఎక్స్‌రే కవరు, కవరుల తొమ్మిది కాయిదాలు. నిజామాబాద్‌ల రైలెక్కి హైదరాబాద్ పోవాలె, రేపు పొద్దుగాల క్యాన్సర్ దవఖానల డాక్టరమ్మకు జవాబు చెప్పాలె. అవునంటే ఆ కాయిదాల మీద సంతకం. కాదంటే ఇంకో తొవ్వ. అవునో కాదో ఇంకా అనుకోలేదు. రేణుకమ్మకైతే "కొత్త మందొచ్చిందట, పైసలు లేకుంటనే ఇస్తరట" అని ఒక్క ముక్క చెప్పిండు. తొమ్మిది పేజీలల్ల ఉన్నది చెప్పలేదు.

కండ్లు తెరిస్తే రెండు దిక్కుల చెరుకు. డిసెంబరు కదా, పూత మీదున్నది. తోటల మీద తెల్లగ, వెండి తీరు, కుచ్చులు కుచ్చులుగ, గాలికి ఒక్కసారే ఒరిగి ఒక్కసారే లేస్తున్నయి, ఎవలో చెయ్యి పెట్టి నిమిరినట్టు. పూతకొచ్చిన చెరుకు ఇగ పెరగది, రసమంత మీదికే పోతది, జల్ది కొట్టుకోవాలె అని రైతులకు చెప్పెటోడు. చెప్పుకుంటనే తను మాత్రం ఆ తెలుపును చూసుకుంట నిలబడెటోడు. జేబుల బ్రిక్స్ మీటరు ఉండేది, జానెడు ఇత్తడి గొట్టం. చెరుకు గడెను పొడిచి, ఒక్క చుక్క రసం అద్దం మీద ఏసి, మూత పెట్టి, పొద్దు దిక్కు పట్టి కన్ను ఆనిస్తే లోపల గుండ్రంగ ఒక చిన్న ఆకాశం, సగం నీలం, సగం తెలుపు, నడుమ గీత. గీత ఎంత మీదుంటే చెరుకుల అంత తీపి. దవఖానల రక్తం పరీక్ష చేసే పొల్ల తన వేలు పొడిచి ఒక చుక్క అద్దం మీద ఏసినప్పుడు ఆత్మారాం వద్దనుకుంటనే అడిగిండు, "నేనొక్కసారి చూడొచ్చా బిడ్డా?" ఆమె నవ్వి జరిగింది. మైక్రోస్కోపుకు కన్ను ఆనిచ్చిండు. గీత లేదు. నీలం లేదు. ఊదారంగు గింజలు, జాతరల జనం తీరు, ఒకరి మీద ఒకరు, ఎవలికీ ఎటు పోవాల్నో తెల్వక. మస్తు సేపు చూసిండు. తన లోపల ఇంత మంది ఉన్నరని యాభై ఏడేండ్లు ఎర్కలేదు.

ఆ డాక్టరమ్మ చిన్న పిల్లనే, ఆత్మారాం బిడ్డ వయసుంటది. గోలీలు వచ్చినయి, మంచిగ పనిచేస్తయి, కని ఏ కార్డుకూ రావు, సర్కారు ఇయ్యది, బతికినన్ని రోజులు కొనుక్కోని మింగాలె అన్నది. అది ఒక తొవ్వ. ఇప్పుడు దవఖానల ఇస్తున్న పాత మందు, కొన్నొద్దులు ఆపుతది, అది ఇంకోటి. మూడోది ఈ పరీక్ష. కొత్త గోలీ ఒకటి తయారైంది, సగం మందికి అదిస్తరు, సగం మందికి పాతదే ఇస్తరు, ఎవలికేది అన్నది చీటీ తీసినట్టు కంప్యూటరు తీస్తది. "నేను తియ్యను, నేను మార్చలేను" అన్నది. "మరి కొత్తది మంచిదా అమ్మా?" అని అడిగిండు. ఆమె పెన్ను కింద పెట్టి, ఆయన మొఖంలకు చూసి, "తెల్వదు" అన్నది. "తెలిస్తే పరీక్ష ఎందుకు చేస్తం? మంచిదని ఆశ ఉన్నది. ఖరాబ్ కావచ్చు కూడ." ఆ మాట ఇన్నకాన్నుంచి ఆత్మారాంకు నిద్ర సరిగ పడ్తలేదు. సూదికి భయం కాలేదు, రక్తం తీస్తే భయం కాలేదు, తెల్వదంటే భయమైంది. డాక్టరు నోట ఆ మాట ఎన్నడు ఇనలేదు. పక్క మంచం మీద జక్రాన్‌పల్లి ముత్తన్న ఉండె, ఆయన ఎప్పుడో సంతకం పెట్టిండు. "నాకు కొత్తదొస్తేంది, పాతదొస్తేంది అన్నా. సంతకం పెట్టినంక వారం వారం పేరు పెట్టి పిలుస్తున్నరు. అంతకుముందు నేను మంచం నంబరుంటి" అన్నడు. బీడీలు చేసే హన్మవ్వ అయితే కాయిదం ముట్టనే ముట్టలేదు, "పాణాలు చీటీలేసి పంచుతరా" అని కొంగు దులుపుకోని ఇంటికి పోయింది. రేణుకమ్మ తమ్ముడు దశరథం ఫోన్ల ఒర్రిండు, "ఎలుకను చేస్తరు బావా నిన్ను." ముగ్గురి మాటలు ముగ్గురియి. ఇంటే ముగ్గురూ రైటే అనిపించేది, మంచం మీద ఒరిగితే ఒక్కరూ మిగలకపోయేటోళ్లు.

చీటీ. సగం కొత్తది, సగం పాతది. నడుమ సున్నమేసిన రాళ్లు. ఆత్మారాం మల్ల కండ్లు మూసుకున్నడు, ఈసారి ఎరుపు కాదు, పచ్చగ వచ్చింది. వార్డుల మంచాలు వరసలు వరసలుగ, వరసల నడుమ బోదెలు, బోదెలల్ల నీళ్లు సప్పుడు లేకుంట పారుతున్నయి, డాక్టరమ్మ చీరె కొంగు నడుముకు చెక్కి సున్నం రాళ్లు పాతుకుంట వస్తున్నది, ఆమె ఎనుక మోకాళ్ల దాక పంచె ఎగ్గట్టి, నెత్తిన తువ్వాల చుట్టి లింబయ్య. లింబయ్య నవ్వుతున్నడు. ఎడపల్లి చెరువు కింద ఎకరంనర పల్లపు మడి అతనిది. ఎనభై ఆరుల పరిశోధన కేంద్రం నుంచి కొత్త చెరుకు విత్తనమొచ్చింది. ప్రతి ఫీల్డుమెను ఐదుగురు రైతుల దగ్గర పెట్టియ్యాలె, సగం మడిల కొత్తది, సగంల పాతది, నడుమ హద్దుకు సున్నమేసిన రాళ్లు, రెండూ పక్కపక్కన ఎట్లొస్తయో చూడాలె. నలుగురు దొరికిన్రు, ఐదో మనిషి దొరకలేదు. ఫ్యాక్టరీ పెద్దసారు ముందే చెప్పిండు, "పల్లపు భూమిల వద్దు ఆత్మారాం. నీళ్లు నిలిచిన కాడ దీనికి ఎర్రకుళ్లు రోగం పట్టొచ్చని అనుమానమున్నది. ఇంకా తేలలేదు." మెరక భూమోళ్లు ఎవలూ ఒప్పుకోలేదు. గడువు దగ్గరికొచ్చింది. లింబయ్య ఇంట్ల మధ్యాన్నం జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం తిని, చెయ్యి కడుక్కుంట చెప్పిండు, కొత్త చెరుకు పెట్టు లింబయ్యా, గడె చూస్తే ఊరంత నీ ఒడ్డు మీదికొస్తది అని. "ఏం గాదు గద సారూ?" అన్నడు లింబయ్య. ఏం గాదు అన్నడు తను. నేను లేనా అన్నడు. తెల్వదు అనలేదు. ముప్పయేండ్లల్ల ఏ రైతుకూ, ఏ ఒడ్డు మీదా, ఆ మాట అనలేదు.

వానలు పడ్డంక మూడో ఆకు ఎండింది. తర్వాత నాలుగోది. ఆత్మారాం గడె నరికి నిలువుగ చీరిండు. లోపల రక్తం తీరు ఎరుపు, ఎరుపుల నడుమ అడ్డం అడ్డం తెల్లటి మచ్చలు, పులిసిన కల్లు వాసన. ఆ వాసన ఇప్పుడు సుత వస్తున్నది, బస్సు కిటికీల నుంచో, తన నోట్లకెల్లినో. కొత్త సగంల మొదలై పాత సగానికి పాకింది. మడి మొత్తం కాలవెట్టాల్సొచ్చింది. ఆకు కాలిన నుసి గాలికి లేసి నల్లటి పిట్టల తీరు చెరువు మీద తిరిగింది, ఎంతసేపటికీ దిగలేదు. లింబయ్య ఒడ్డు మీద గొంతుక్కూసోని చూసిండు. ఒక్క మాట అనలేదు. ఆ ఏడు కాదు, తర్వాత ఏడు కాదు, ఎన్నడు అనలేదు. ఎదురుపడితే నెత్తి మీది తువ్వాల తీసి చేతిల పట్టుకునేటోడు. తిడితే అయిపోవు. ఎందుకు తిట్టలేదో ఆత్మారాంకు పదిహేడేండ్లు సమజ్ కాలేదు.

బస్సు ఆగింది. ఎడపల్లి. కండక్టరు ఒర్రుతుంటే నలుగురు దిగి ఆరుగురు ఎక్కిన్రు. ఆఖరికి ఒక ముసలామె, చేతిల మూట, కడ్డీ పట్టుకోని ఊగుకుంట వచ్చి రేణుకమ్మ పక్కన ఖాళీ జాగల కూలబడ్డది. మూట సర్దుకుంట ఇటు తిరిగి చూసింది. మల్ల చూసింది.

"ఎవలు, ఫీల్డుమెన్ సారువా?"

కలల మనిషి ఎనుకకెల్లి కలల మనిషే వచ్చిందనుకున్నడు ఆత్మారాం. కాదు. లింగవ్వ. లింబయ్య భార్య. ఆ రోజు రొట్టెలు చేసిన చేతులు అవే, ముడుతలు వడ్డయి.

"అవు లింగవ్వా, నేనే."

"గిట్లైతివేంది సారూ. చెరుకు పిప్పి తీరైతివి."

"రక్తం బీమారి అక్కా" అన్నది రేణుకమ్మ, అడగంగనే చెప్పుకునేటందుకు మనిషి దొరికినట్టు. "హైదరాబాద్ తీస్కపోతున్న. కొత్త మందొచ్చిందట."

"మంచిగైతది తియ్యి చెల్లె. సారు మస్తు మందికి మేలు జేసిండు. గది యాడికి పోదు." ఇటు తిరిగి, "ఆయిన పోయి నాలుగేండ్లాయె సారూ. గుండె నొప్పొచ్చె. నీకు కబురు తెల్వదేమో" అన్నది.

తెల్వదు. కొలువు ఇడిసినంక ఎడపల్లిల దిగనే లేదు, లింబయ్య పోయిండని తెల్వదు. చెరుకు పూత కిటికీల తెల్లగ ఉరుకుతున్నది. మేలు జేసిండు అన్న మాట లోపల యాడనో పడి, అడుగు తగలకుంట పోతనే ఉన్నది. ఊకుంటే ఊకోవచ్చు. జానకంపేట పది నిమిషాలు, దిగిపోతది. ఇన్నేండ్లు ఊకున్నోనికి పది నిమిషాలెంత. కని ఒంట్ల బరువు లేనోనికి ఆ ఒక్కటే బరువు ఉండిపోయి, అదే తనను సీటుకు పట్టి ఉంచినట్టు అనిపించింది. నోరు దానంతట అదే తెరుచుకున్నది.

"లింగవ్వా, గా కొత్త చెరుకు సంగతి. పల్లపు మడిల పెట్టద్దని పెద్దసారు నాకు ముందే చెప్పిండు. రోగం పట్టొచ్చన్నడు. నాకెర్కే. మీకు చెప్పకుంట పెట్టిచ్చిన."

రేణుకమ్మ చెయ్యి సద్ది గిన్నె మీద ఆగింది. లింగవ్వ మూట ముడి ఇప్పింది, మల్ల ఏసింది. ఎదురుంగ చెరుకు బండ్లు, ఎడ్ల మెడల గంటలు, బస్సు ఒక చక్రం మట్టిల దించి వాటిని దాటింది. ఆ గంటలన్ని పోయినంక అన్నది.

"ఎర్కుండి చెప్పకపోతివా."

"చెప్పలే."

"ఆయిన తనదే తప్పనుకున్నడు సారూ." గొంతు లేవలేదు, ఎవలి ముచ్చటనో చెప్తున్నట్టు చెప్పింది. "ఆ ఏడు నేను నా తమ్ముని లగ్గానికి పోయిన. గప్పుడు తూము ఇప్పి ఒడ్డు మీద ఒరిగిండట, కన్ను వట్టిందట. మడి నిండి పొర్లింది. నీళ్లు నిలవడి రోగమొచ్చిందని, తను నిద్ర వోకపోతే చెరుకు నిలబడునని. సచ్చే ముందటేడు సుత అన్నడు. 'సారు మనల నమ్మి విత్తనమిచ్చె, నేను సారు మాట పోగొడ్తి' అని. గందుకే నీ మొఖంలకు చూడకపోయేటోడు."

తువ్వాల తీసి చేతిల పట్టుకున్న లింబయ్య. అది మర్యాద అనుకున్నడు ఆత్మారాం ఒకసారి, కోపం అనుకున్నడు ఒకసారి. సిగ్గని అనుకోలేదు. తను పడాల్సిన సిగ్గు ఇంకో మనిషి పదమూడేండ్లు మోసి, మోసుకుంటనే పోయిండు.

"ఒక్క మాట చెప్తే అయిపోవు గద సారూ, బతికుండంగ" అన్నది లింగవ్వ. తర్వాత నిజంగనే తెలుసుకోవాలని అడిగింది, "మరి నీకు? నీకు చెప్పిన్రా డాక్టర్లు, ఏమైతదో?"

"చెప్పిన్రు. వాళ్లకేం తెల్వదో గది సుత చెప్పిన్రు."

"నయం" అన్నది లింగవ్వ.

జానకంపేటల లేసింది. రేణుకమ్మ చెయ్యి ఒత్తింది. ఆత్మారాం దిక్కు చూడలేదు. మూట నెత్తికెత్తుకోని, జనం నడుమకెల్లి పోయి, రోడ్డు దాటి, నీడలకు పోయింది. క్షమించిందా, తిట్టుకున్నదా, ఎనుకకెల్లి చూసి చెప్పలేము. ఆమె నడక ఎప్పటి నడకనే.

బస్సు కదిలింది. అశోక్‌సాగర్ చెరువు రాతిగుండ్లు వచ్చినయి, ఒకదాని మీద ఒకటి, పడ్తయో పడయో ఎవలూ చెప్పలేని తీరుగ, ఎన్ని వేల ఏండ్ల నుంచో అట్లనే. నీళ్లల్ల వాటి నీడలు తలకిందులుగ, అసలు గుండ్ల కన్న అవే గట్టిగ ఉన్నట్టున్నయి. ఆత్మారాం కండ్ల ముందట నీళ్లు, నీళ్ల మీద నుసి, లింబయ్య పొలంల తూము, లింబయ్య నిద్ర. నిద్రల మనిషి మొఖం ఎంత బేఫికరుగ ఉంటది. ఆ నిద్రను ఆయన నుంచి తను గుంజుకున్నడు. లింగవ్వ "నయం" అన్నది. ఎగతాళి కాదు, ఏడుపు కాదు. ఆమె లెక్కల అది నిజంగ నయమే. తెల్వదన్నప్పుడు డాక్టరమ్మ గద్దె దిగినట్టు కనవడ్డది, ఇప్పుడు చూస్తే ఆమె వచ్చి ఒడ్డు మీద పక్కన కూసున్నది.

"ఏం తెల్వదు?" అన్నది రేణుకమ్మ.

ఉలిక్కిపడ్డడు.

"డాక్టర్లకు ఏం తెల్వదని చెప్పిన్రు? నాకు చెప్పలేదేంది?"

ఆమె మొఖం దిక్కు తిరిగిండు. నుదుట కుంకుమ, చెంపల గుంతలు, పెదవుల మీద పొక్కులు. ఆరు నెల్ల నుంచి సోమవారం సోమవారం నీళ్లు సుత ముట్టకుంట ఉంటున్నది. ఎందుకే అంటే, మన బిడ్డ పెండ్లప్పుడు మొక్కు మర్చిపోయిన, గందుకే నీకు గిట్లయింది అన్నది ఒకనాడు, కూరగాయలు కోసుకుంట, తల ఎత్తకుంట. ఆత్మారాం నవ్వి ఊకున్నడు. రేపు చీటీల పాత మందొస్తే, కొత్త మందొచ్చి పడకపోతే, తను పోతే, ఈమె ఏ సోమవారాన్ని తవ్వుకోని ఏడుస్తది? ఏ తూము ఇప్పిన్నంటది? ఎన్నేండ్లు?

"దిగినంక చెప్త" అన్నడు. "అంత చెప్త."

సారంగాపూర్ పోయింది. నిజామాబాద్ వచ్చింది, రిక్షాలు, బీడీ ఆకు కట్టలు, మరాఠీల బేరాలు, ఉడికించిన పల్లికాయల వాసన. స్టేషన్ల బెంచీ మీద కూసున్నంక ఆత్మారాం కవరుల నుంచి కాయిదాలు తీసిండు, మోకాళ్ల మీద పెట్టుకున్నడు, చదివిండు. రెండు గుంపులని చదివిండు. చీటీ సంగతి చదివిండు. వాంతులైతయి, కాళ్లు ఉబ్బుతయి, కార్జం చెడొచ్చు, పాణమే పోవచ్చు, అంత చదివిండు. ఎప్పుడు వద్దంటే అప్పుడు ఇడిసిపెట్టి రావచ్చు, వచ్చినా దవఖాన చూసుడు మానది, అది సుత.

రేణుకమ్మ మొఖం నల్లవడ్డది. "గింత కడుపుల వెట్టుకోని, సద్ది కట్టిచ్చి నన్ను ఊరికి తీస్కపోయినట్టు తీస్కపోతున్నవా? నేనెవలను నీకు?"

"తప్పే."

"రాకాసిపేటల మన జాగ అమ్ముదామంటి. పైసల గోలీలే కొందామంటి."

"అమ్మితే ఒక ఏడాదికొస్తయి. బంద్ చేస్తే బీమారి మల్ల లేస్తదట. గది సుత నీకు చెప్పలే." కాయిదాల మీద చెయ్యి పెట్టిండు. "నేను ఈ పరీక్షల చేరుదామనుకుంటున్న. ఇప్పుడే అనుకున్న. మంచిగైతే అయిత, కాకపోతే కాను. కని ఏదైనా, నువ్వు చేసింది కాదు రేణుకా. నీ ఉపాసం కాదు, నీ మొక్కు కాదు. ఎవలికీ తెల్వక అయినట్టు. గది నీకు ఎర్కుండాలె."

ఆమె కొంగుతోని మూతి తుడుచుకోని, ఆయన మోకాళ్ల మీది కాయిదాలు తన ఒళ్లెకు తీసుకున్నది. చదువు రాదు, పేరు ఒక్కటి రాయనేర్చింది. ఒక్కొక్క పేజీ తిప్పి, అచ్చుల మీద వేలు నడిపి, ఆఖరి పేజీ దగ్గర ఆగింది.

"గీ గీత నీదా?"

"నాదే. సంతకం."

"దాని కింద ఇంకోటున్నది."

"సాక్షిది. నాకు అంత సమజైనంకనే పెట్టిన్నని ఇంకొకలు పెట్టాలె. నువ్వే పెట్టాలె."

దూరంగ కూత వినవడ్డది. జనం మూటలెత్తుకోని ప్లాట్‌ఫారం గీత దగ్గరికి జరుగుతున్నరు. ఆత్మారాం లేవబోయిండు. రేణుకమ్మ చెయ్యి పట్టి కూసోవెట్టింది.

"దీని తర్వాత రైలు లేదా?"

"మధ్యాన్నం ఒకటున్నది."

"దాంట్ల పోదాం. నువ్వు గిరగిర సదివితివి, నాకు సగం తెల్వలే. తెల్వంది నేనెట్ల పెడ్త?" కాయిదాలు వరస పెట్టి ఆయన చేతిల పెట్టింది. "మొదటికెల్లి సదువు. నెమ్మదిగ."

రైలు వచ్చి ఆగింది, జనం ఎక్కిన్రు, దిగిన్రు. ఆత్మారాం కండ్లద్దాలు తుడుచుకోని మొదటి పేజీ తీసిండు.